పళ్లు అరిగిన బుల్లెట్టుకు కొత్త చైను ఒక్కటే మందు కాదు

దుగ్గిరాల: ఆ బండి వస్తోందంటే కాలవ గట్టు మలుపులోనే ఊరికి తెలిసిపోతుంది. పాలకేంద్రం దగ్గర నిలబడ్డ వాళ్లు తలెత్తకుండానే "పెద్దాయన బుల్లెట్టు" అనేస్తారు. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. బండికి ఆ పేరు మాత్రం పోలేదు. 1978లో ఆయన కొన్న 350 సీసీ బుల్లెట్టును ఇప్పుడు ఆయన కుమారుడు, 58 ఏళ్ల పసుపు రైతు, నడుపుతున్నారు.

మొన్నటి సీజనులో భార్యాభర్తలు పసుపు యార్డు నుంచి ఇంటికి వస్తుండగా ఆ బండి చైను పళ్ల మీద నుంచి జారిపోయింది. జారిన చైను చిక్కుకుని వెనక చక్రం బిగుసుకుపోయింది. ఇద్దరూ గట్టు మీద పడ్డారు. బండి ఓ తుమ్మచెట్టుకు తగిలి ఆగింది గాని, లేకుంటే కాలవలోకే పోయేది. ఆమె మోచేయి గీసుకుపోయింది. దెబ్బ చిన్నదే అయినా భయం పెద్దది. "ఇంక ఆ బండి ఎక్కితే ఒట్టు" అన్నారామె. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫోనులోనే తీర్పు చెప్పాడు. "అమ్మేయ్ నాన్నా. తాతయ్య బండి అని చూస్తే రేపు ప్రాణాల మీదికి వస్తుంది."

రైతుకు అంతుబట్టనిది ఒక్కటే. ఆ చైను పాతది కాదు. ఎనిమిది నెలల కిందటే కొత్తది వేయించారు. అంతకు ముందు వేయించిందీ ఏడాది తిరక్కుండానే సాగిపోయింది. రెండేళ్లలో రెండు కొత్త చైన్లు పోయాయి. అమ్మేముందు ఈ లెక్క ఏమిటో తేల్చుకోవాలని ఆయన బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి, తెనాలిలో తన తండ్రి ఎప్పుడూ బాగు చేయించుకునే ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు.

తప్పు చైనుది కాదు

మేస్త్రీకి 70 దాటాయి. రేకుల షెడ్డు, నూనె మరకల బల్ల, గోడకు వరసగా పానాలు. ఆయన ఇంజను జోలికి పోలేదు. బండిని స్టాండు వేయించి, వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి, పళ్ల మీద బ్యాటరీ లైటు వేశారు.

"అబ్బాయ్, ఇటు వచ్చి చూడు. మీ నాన్నగారి రోజుల్నుంచీ చైన్లు మారుతున్నాయి గాని ఈ డ్రమ్ము మారలేదు. ఇవి పళ్లు కావు, కొడవలి మొనలు" అన్నారు.

నిజమే. మంచి పన్ను రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. ఆ డ్రమ్ము మీది పళ్లు ఒక పక్క లోపలికి తొలుచుకుపోయి, మొనలు ఒకే వైపుకు వాలి ఉన్నాయి. చైను వాటి మీద కూర్చోవడం లేదు, వేలాడుతోంది. బరువు పడి, గుంతలో కుదుపు తగిలిన రోజున అది జారకుండా ఉంటేనే ఆశ్చర్యం.

చైను పళ్ల చక్రాన్ని కంపెనీ పుస్తకాల్లో స్ప్రాకెట్ అంటారు. షాపుల్లో చాలామంది నోట అది "పాకెట్" అయింది. గేరు బాక్సు దగ్గర చిన్నది ఒకటి, వెనక చక్రానికి పెద్దది ఒకటి ఉంటాయి. ఇంజను బలమంతా చిన్నదాని నుంచి చైను మీదుగా పెద్దదానికి చేరితేనే బండి కదులుతుంది. ఈ మూడూ కలిసి పనిచేస్తాయి, కలిసే అరుగుతాయి. వాటిలో ఒక్కదాన్ని మార్చి మిగతా రెంటినీ వదిలేయడమే ఆ రైతు రెండుసార్లు చేసిన పొరపాటు. అది ఆయన ఒక్కడి పొరపాటు కాదు. పాత బండ్లున్న ఇళ్లలో సగం మంది చేసేది అదే.

"కొత్త ఎద్దును తెచ్చి కుంటి ఎద్దుతో కాడికి కడితే ఏమవుద్ది? కొత్తది కూడా నాలుగు రోజుల్లో మెడ పుండు చేసుకుంటది. ఇదీ అంతే" అన్నారు మేస్త్రీ.

చైను సాగడమంటే ఏమిటి?

చైను సాగిందని అందరూ అంటారు. నిజానికి ఇనుప రేకులు సాగవు. ఒక్కొక్క లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి ఒరుసుకుని అరుగుతాయి. ఒక లింకులో ఆ అరుగుదల కంటికి కనపడదు. బుల్లెట్టు చైనులో దాదాపు వంద లింకులు ఉంటాయి. వెంట్రుకవాసి చొప్పున వందసార్లు కలిస్తే చైను మొత్తం మీద అంగుళం పైన పొడుగవుతుంది.

పొడుగైన చైను లింకుల మధ్య దూరం పెరుగుతుంది. అది పళ్ల అడుగున కూర్చోక పైకి ఎక్కి నడుస్తుంది. నడిచి నడిచి పళ్లను కూడా తన కొలతకే అరగదీస్తుంది. అలా అరిగిన పళ్ల మీద సరైన కొలత గల కొత్త చైను వేస్తే రెంటికీ పొత్తు కుదరదు. పది పళ్ల మీద పడవలసిన బరువు ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది. కొత్త చైను కూడా త్వరగా పాతదవుతుంది. రైతు రెండు చైన్లూ అలా పోయినవే.

చిన్న పాకెట్టు కష్టం ఇంకా ఎక్కువ. పాత 350 బుల్లెట్టులో సాధారణంగా ముందు 16 పళ్లు, వెనక 38 పళ్లు ఉంటాయి. వెనక చక్రం ఒకసారి తిరిగితే ముందుది రెండుంపావు సార్లకు పైగా తిరగాలి. ఆ బండికి 19 అంగుళాల చక్రాలు. టైరుతో కలిపి చూస్తే ఒక చుట్టుకు దాదాపు 2 మీటర్లు నడుస్తుంది. అంటే 10 కిలోమీటర్ల దూరానికి వెనక చక్రం సుమారు 4,900 సార్లు, చిన్న పాకెట్టు 11,600 సార్లకు పైగా తిరుగుతాయి. రోజూ పొలానికీ, యార్డుకూ తిరిగే బండిలో ఈ లెక్క ఎంతవుతుందో ఎవరికి వారే వేసుకోవచ్చు. దీనికి కాలవ గట్ల దుమ్ము తోడు. నూనెలో కలిసిన దుమ్ము ఆకురాయిలా పనిచేస్తుంది.

ఇంట్లోనే కొలుచుకోవచ్చు

చైను పోయిందో లేదో తెలియడానికి మేస్త్రీ దాకా పోనక్కరలేదు. చైనును కిరసనాయిలుతో కడిగి, బల్ల మీద పరిచి, బిగువుగా లాగి, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు టేపుతో కొలవాలి. బుల్లెట్టు చైనులో ఒక పిన్నుకూ ఇంకో పిన్నుకూ మధ్య దూరం అంగుళంలో 8 భాగాలకు 5 భాగాలు. అంటే కొత్త చైనులో 16 లింకులు సరిగ్గా 10 అంగుళాలు, 254 మిల్లీమీటర్లు ఉండాలి. అది 259 మిల్లీమీటర్లకు చేరితే నూటికి రెండు వంతులు పెరిగినట్లు. ఇక దాన్ని నమ్మి బండి ఎక్కకూడదు. అర అంగుళం లింకుల చైను ఉండే బండ్లలో ఇదే 10 అంగుళాలకు 20 లింకులు లెక్కపెట్టాలి.

చైను విప్పకుండానే చూసే పద్ధతి కూడా ఉంది. వెనక చక్రానికి బాగా వెనకవైపున, పళ్ల మధ్యలో చైనును రెండు వేళ్లతో పట్టి వెనక్కు లాగాలి. అది పన్ను నుంచి లేచి, సగం పన్ను బయటపడితే అరుగుదల ముదిరినట్లే. ఇంజను ఆపి, తాళం తీసి మాత్రమే ఈ పని చేయాలి. రైతు బండిలో చైను లాగితే మూడొంతుల పన్ను కనపడింది.

లోపల దాగిన చిన్న పాకెట్టు

పాత బుల్లెట్టులో వెనక పళ్లు కంటికి కనపడతాయి గాని ముందు పళ్లు కనపడవు. అందుకే చాలామంది వాటిని మరచిపోతారు. చిన్న పాకెట్టు చేరాలంటే ఎడమవైపు చైను కేసంతా విప్పాలి. మేస్త్రీ శిష్యుడు ఫుట్‌రెస్టు, ఎడమవైపే ఉండే బ్రేకు పెడలు తీశాడు. కేసు మూతకు మధ్యన ఒకే ఒక పెద్ద నట్టు. కింద పళ్లెం పెట్టి అది విప్పగానే నల్లబడిన ఆయిలు కారింది.

లోపల ఇంజనుకూ క్లచ్చుకూ మధ్య ఇంకో చైను ఉంది. అది రెండు వరసల చైను, దానికి లాకు ఉండదు. అందువల్ల ఇంజను పాకెట్టు, క్లచ్చు డ్రమ్ము, ఆ చైను మూడింటినీ ఒకేసారి బయటికి లాగాలి. ముందు క్లచ్చు స్ప్రింగులు, ప్లేట్లు తీసి, తీసిన వరసలోనే పాత న్యూస్ పేపరు మీద పేర్చారు. "వరస తప్పితే రేపు బిగించేటప్పుడు నన్నడగొద్దు" అని మేస్త్రీ శిష్యుణ్ణి హెచ్చరించారు. ఆ తరవాత లోపలి కేసు విప్పితే అప్పుడు కనపడింది చిన్న పాకెట్టు. దాని పళ్లు వెనక డ్రమ్ము పళ్ల కంటే ఘోరంగా ఉన్నాయి. రెండు మొనలు విరిగిపోయాయి కూడా.

పాకెట్టు వెనక గేరు బాక్సు ఆయిలు సీలు కూడా ఎండి బిరుసెక్కింది. సీలు చిన్న వస్తువు. దానికి ధర పెద్దగా ఉండదు. దాని కోసం మళ్లీ ఇంత పనీ విప్పాలంటే మాత్రం కూలీ తడిసి మోపెడవుతుంది. విప్పినప్పుడే మార్చేయడం తెలివి. లోపలి రెండు వరసల చైనును కూడా పరీక్షించారు. అది ఇంకా కొంతకాలం పనికొస్తుందని తేలింది. దాన్ని మార్చలేదు. పాత బండి విప్పినప్పుడు కనపడిందల్లా మార్చమనే వాడూ, ఏదీ మార్చొద్దనే వాడూ ఇద్దరూ యజమానికి మేలు చేసేవాళ్లు కారు.

డ్రమ్ము దగ్గర చిక్కు

రాజ్‌దూత్, యెజ్డీ లాంటి బండ్లకు వెనక పాకెట్టు విడిగా దొరికితే దాన్ని మార్చితే సరిపోతుంది. పాత బుల్లెట్టుకు అలా కుదరదు. దానికి పళ్లూ, బ్రేకు డ్రమ్మూ కలిపి ఒకే పోత. పళ్లు పోతే డ్రమ్మంతా మార్చాలి. దాని ధర చైను ధరకు చాలా రెట్లు. అందుకే "ఈసారికి చైనుతో సరిపెట్టండి" అనడం అలవాటయింది.

ఇక్కడే రైతు ఆగిపోయారు. ఖర్చు ఒక కారణం. రెండోది ఆయన బయటికి చెప్పలేదు గాని మేస్త్రీకి అర్థమయింది. అది తండ్రి తిప్పిన చక్రం మీది డ్రమ్ము. పాత పళ్లు కోసేసి లేతు మీద కొత్త పళ్ల రింగు ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారని ఎవరో చెప్పారని రైతు అన్నారు.

మేస్త్రీ కాదనలేదు, అవుననలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పారు. "రింగు గుండ్రం తప్పకుండా కూర్చుని, బోల్టులతో గట్టిగా నిలిస్తే నడుస్తుంది. నేను చూశాను. వెల్డింగు వేడికి డ్రమ్ము వంకర పోతే మాత్రం బ్రేకు కొట్టినప్పుడల్లా బండి ఊగుద్ది. పగులు వస్తే ఎప్పుడు ఊడుద్దో చెప్పలేం. డ్రమ్ము మీదే కదా నీ బ్రేకు కూడా ఆధారపడింది. వెనక అమ్మాయి కూర్చుంటదనుకుంటే కొత్తది వెయ్యి. ఒక్కడివే తిరిగేటట్లయితే నీ ఇష్టం."

ఆ చివరి మాటతో రైతు లేతు సంగతి మళ్లీ ఎత్తలేదు.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పటి నుంచి బుల్లెట్టు దశాబ్దాల తరబడి పెద్దగా రూపు మారకుండా తయారైంది. అందువల్ల దాని పాత భాగాలు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. మైసూరులో జావా, యెజ్డీ బండ్లు చేసిన ఐడియల్ జావా 1996లో మూతపడింది. ఎస్కార్ట్స్ రాజ్‌దూత్ తయారీ కూడా ఆగిపోయింది. ఆ బండ్లున్న వాళ్లు మంచి పాకెట్టు కనపడితే అవసరం లేకపోయినా ఒకటి కొని దాచుకోవడం మేలు. ఈ రైతు విజయవాడ ఆటోనగర్‌లో రెండు దుకాణాలు తిరిగి డ్రమ్ము తెచ్చారు.

కొనేముందు చూడవలసినవి మేస్త్రీ ముందే చెప్పి పంపారు. పాత డ్రమ్మును వెంట తీసుకెళ్లాలి. పళ్లు లెక్కపెట్టాలి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఎత్తు, లోతు, బేరింగు గూడు కొలవాలి. కొత్త చైనును కొత్త పళ్ల చుట్టూ వేసి చూడాలి, ప్రతి పన్నూ లింకులో ఇమడాలి. మొదటి దుకాణంలో చూపిన డ్రమ్ము పెయింటు మెరిసింది గాని, చైను వేస్తే నాలుగు పళ్ల దగ్గర ఎగిరింది. రైతు దాన్ని అక్కడే వదిలేశారు.

బిగించడంలోనే ఉంది మంత్రం

కొత్త భాగాలు తెచ్చినంత మాత్రాన పని అయిపోదు. వెనక హబ్బులో రబ్బరు దిమ్మలు ఉంటాయి. గేరు వేసినప్పుడు వచ్చే కుదుపును అవి మింగుతాయి. అవి నలిగిపోతే ఆ దెబ్బలన్నీ చైను తింటుంది. రైతు బండిలో అవి పొడిపొడిగా రాలాయి. వాటినీ, బ్రేకు షూలనూ కొత్తవి వేశారు. గట్టిగా ఉన్న బేరింగును కడిగి గ్రీజు పెట్టారు.

చిన్న పాకెట్టు నట్టు బిగించాక దాని లాకు వాషరు అంచును నట్టు మీదికి వంచారు. ఆ వంపు లేకపోతే నట్టు దానంతటదే వదులవుతుంది. లోపలి చైను బిగువు చూసుకుని, కేసు మూసి, కొత్త ఆయిలు పోశారు.

వెనక చైనుకు లాకు పెట్టేటప్పుడు చాలామంది తప్పు చేస్తారు. క్లిప్పుకు ఒక కొన మూసి ఉంటుంది, ఒక కొన తెరిచి ఉంటుంది. మూసిన కొన చైను పరుగెత్తే దిక్కుకు ఉండాలి. అంటే చైను పైవరసలో ఉన్నప్పుడు మూసిన కొన బండి ముందువైపు చూడాలి. తిరగేసి పెడితే ఏ పుల్ల తగిలినా క్లిప్పు ఊడుతుంది.

తరవాత చక్రం తిన్నగా ఉందో లేదో చూడాలి. ఇరుసుకు రెండు వైపులా ఉన్న నత్తగుల్ల ఆకారపు బిళ్లలను ఒకే గంటుకు తెచ్చారు. అంతటితో నమ్మలేదు. తిన్నని చెక్కబద్ద ఒకటి రెండు టైర్ల పక్కన ఆనించి చూశారు. పాత బుల్లెట్టులో రెండు టైర్లూ ఒకే వెడల్పు కనక బద్ద నాలుగు చోట్లా తాకాలి. నాగలి చాలు వంకర పోతే పొలం పాడయినట్లు, చక్రం వంకర పోతే పళ్లు పక్కకు అరుగుతాయి.

చివరగా చైను వదులు. మనిషి బండి మీద కూర్చోగా, చక్రాన్ని తిప్పుతూ చైను బాగా బిగిసే చోటు పట్టుకుని, అక్కడ మధ్యలో వేలితో ఎత్తితే సుమారు ఒక అంగుళం ఆడాలి. బిగువుగా ఉంటే మంచిదనుకోవడం పొరపాటు. బిగిసిన చైను బేరింగులనూ, గేరు బాక్సునూ తినేస్తుంది. మిగతా బండ్ల వాళ్లు వారి బండి పుస్తకంలో ఉన్న కొలతే పాటించాలి.

ఆడవాళ్లు వెనక కూర్చునే బండికి

మేస్త్రీ ఇంకో పని కూడా చేయించారు. ఎప్పుడో ఊడిపోయిన చీర గార్డును మళ్లీ బిగించారు. వెనక కూర్చునే వారి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికి తగ్గకుండా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలే చెబుతున్నాయి. చీర కొంగు, చున్నీ, పంచె చెంగు చక్రంలోనో చైనులోనో పడితే లాగేసుకోవడానికి రెప్పపాటు చాలు. చైను మీద ఉండే రేకు మూతను బరువని తీసి పారేసే కుర్రకారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రైతుకు ఇంకో అవసరం కూడా ఉంది. సొంత వాడకపు బండికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆపైన ఐదేసి ఏళ్లకు ఒకసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. ఆ గడువు దగ్గర పడుతోంది. చైను జారే బండిని చూపించి కాగితం అడగడం ఎలాగా అన్న బెంగ కూడా తీరింది.

వారానికి పావుగంట

ఇంత ఖర్చు పెట్టాక అది నిలవాలంటే కావలసింది పావుగంట ఓపిక. వారానికి ఒకసారి, వాన తడిసినా బురద తొక్కినా ఆ రోజే, చైనును కిరసనాయిలు తడిపిన బ్రష్షుతో శుభ్రం చేసి, గుడ్డతో తుడిచి, 90 నంబరు గేరు ఆయిలు లింకుల మధ్యకు చుక్కలుగా వేయాలి. బండి తిరిగి వచ్చి చైను వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే లోపలికి దిగుతుంది. మిగిలింది తుడిచేయాలి, లేకపోతే దుమ్ము అంటుకుంటుంది. ఇది రబ్బరు రింగులు లేని పాత రకం చైన్ల సంగతి. రింగులున్న కొత్త చైన్లకు గట్టి బ్రష్షు పనికిరాదు. ఏ బండికైనా ఒకటే హెచ్చరిక. ఇంజను తిరుగుతుండగా, గేరులో పెట్టి చైను తుడవకూడదు. గుడ్డతో పాటు వేళ్లు పోతాయి.

కొత్త చైను వేసిన మొదటి కొద్ది రోజుల్లో కాస్త వదులవుతుంది. అది సహజం. ఒకసారి మళ్లీ బిగువు చూసుకుంటే తరవాత నిలకడగా ఉంటుంది.

రెండు రోజుల పని ముగిశాక రైతు బండిని తనే నడుపుకుంటూ ఊరికి వచ్చారు. మలుపులో శబ్దం వినగానే పాలకేంద్రం దగ్గరి వాళ్లు ఎప్పటిలాగే "పెద్దాయన బుల్లెట్టు" అన్నారు. ఇంటి ముందు ఆయన భార్య బయటికి వచ్చి, ఏమీ అనకుండా వంగి వెనక పళ్ల వైపు చూశారు. చైనును రెండు వేళ్లతో పట్టి వెనక్కు లాగారు. కదల్లేదు. ఆ పరీక్ష ఆమెకు చెప్పింది రైతే. వారం తరవాత తెనాలిలో పెళ్లికి ఇద్దరూ ఆ బండి మీదే వెళ్లారు.

పాత డ్రమ్మును రైతు ఇంటికి తెచ్చుకోలేదు. మేస్త్రీ అడిగితే ఇచ్చేశారు. అది ఇప్పుడు షెడ్డు గుమ్మానికి వేలాడుతోంది. "చైను ఒక్కటి మార్చండి చాలు" అంటూ ఎవరొచ్చినా మేస్త్రీ మాట్లాడరు. వేలితో దాన్ని చూపిస్తారు.